ఇన్‌బాక్స్ గూళ్లు

ఈమెయిల్ పుట్టిన నాలుగేళ్లకే దాని మీద ఫిర్యాదు కాగితమెక్కింది. 1975 నవంబరులో జాన్ పోస్టెల్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 706 పత్రానికి (నెట్‌వర్క్ పద్ధతులను చర్చించే వరుస పత్రాలే ఈ ఆర్‌ఎఫ్‌సీలు) విషయమే చెత్త టపా. ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్‌లో ఉన్న కంప్యూటర్ ఏ సందేశం వచ్చినా పుచ్చుకోక తప్పదు, ‘నీ దగ్గర్నుంచి నాకొద్దు’ అనడానికి వీల్లేదు, ఎక్కడో ఒక యంత్రం పాడై సందేశాలు కుమ్మరిస్తే ఇక్కడి పని ఆగిపోతుంది అన్నది ఆయన బెంగ. మూడేళ్లు తిరక్కుండానే, 1978 మే 3న, డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో మార్కెటింగ్ చూసే గ్యారీ థర్క్ తమ కొత్త కంప్యూటర్ల ప్రదర్శనకు రమ్మంటూ దాదాపు నాలుగు వందల మందికి ఒకే ఉత్తరం పంపారు. మనం స్పామ్ అంటున్న దానికి తొలి ఉదాహరణగా దాన్నే చెబుతారు.

అక్కర్లేనిది ఆపడం ఒక పని. అక్కరకొచ్చేవాటిని దేని గూట్లో దాన్ని పెట్టడం వేరే పని. ‘కరెంటు బిల్లు వస్తే ఈ ఫోల్డర్‌లోకి, పిల్లల స్కూలు నుంచి వస్తే ఆ ఫోల్డర్‌లోకి’ అని ఒకసారి రాసిపెట్టుకుంటే మిగతాది యంత్రం చూసుకునే ఇన్‌బాక్స్ రూల్స్ ఆ రెండో పని కోసం పుట్టాయి. వాటి కథలో నన్ను బాగా పట్టేసింది యంత్రం తెలివి కాదు, కవరు మీది రాత.

మొదట్లో ఒక మనిషి మెయిల్ అంతా ఒకే పొడుగాటి ఫైలు. కొత్త ఉత్తరం వస్తే దాని తోకకు అతుక్కునేది. పాతవన్నీ దొర్లించుకుంటూ పోతే గానీ కొత్తది కనపడదు. ఆర్పానెట్‌ను కట్టించిన అమెరికా రక్షణ పరిశోధన సంస్థ ఆర్పా డైరెక్టర్ స్టీఫెన్ లూకాసిక్ ఈ అవస్థ గురించి చెప్పుకుంటే, 1972లో అదే సంస్థలోని లారీ రాబర్ట్స్ ఆర్‌డీ అనే ప్రోగ్రామ్ రాసిచ్చారు. ఉత్తరాల పట్టిక చూసి, కావలసింది తెరిచి, దాచుకోవడమో తీసేయడమో చేసే వీలు దానితో వచ్చింది. సర్దుడు మాత్రం ఇంకా మనిషి చేతి పనే.

యంత్రం సర్దాలంటే ముందు దానికి కవరు చదవడం రావాలి. 1973 సెప్టెంబరులో అభయ్ భూషణ్, కెన్ పోగ్రన్, రే టామ్లిన్సన్, జిమ్ వైట్ కలిసి రాసిన ఆర్‌ఎఫ్‌సీ 561 ఆ పని చేసింది. టామ్లిన్సన్ చిరునామాలో ఎట్ గుర్తు పెట్టిన మనిషి. భూషణ్ ఐఐటీ కాన్పూర్ తొలి బ్యాచ్ విద్యార్థి, ఒక కంప్యూటర్ నుంచి మరో కంప్యూటర్‌కు ఫైళ్లు పంపే ఎఫ్‌టీపీ పద్ధతికి రూపమిచ్చినవారు. ఉత్తరం తలమీద ఎవరు, ఎప్పుడు, దేని గురించి అన్నవి ఫ్రమ్, డేట్, సబ్జెక్ట్ అనే పేర్లతో వేర్వేరు పంక్తుల్లో ఉండాలని వాళ్లు ప్రతిపాదించారు. 1982లో డేవిడ్ క్రాకర్ రాసిన ఆర్‌ఎఫ్‌సీ 822తో ఆ పద్ధతి స్థిరపడింది. రూల్స్ అన్న మాట ఇంకా పుట్టకపోయినా, వాటి పుట్టుక అక్కడే అని నా అభిప్రాయం. ఎక్కడ చూడాలో తెలిసిన యంత్రానికి ఏం చేయాలో చెప్పడం తేలిక.

ఆర్‌ఎఫ్‌సీ 561కు దాదాపు ఏడాది ముందు, 1972 ఆగస్టు 15న, మన తపాలా శాఖ పిన్‌కోడ్ మొదలుపెట్టింది. దాన్ని రూపొందించింది శ్రీరామ్ భికాజీ వేలంకర్. ఈ రెండు సంఘటనలకూ సంబంధం లేదు, కానీ అవసరం ఒకటే. కొత్తపల్లి పేరుతో మన జిల్లాల్లో ఎన్ని ఊళ్లున్నాయో లెక్కపెట్టడం కష్టం. పైగా చిరునామా తెలుగులో ఉంటే, నడిచే రైల్లో రైల్వే మెయిల్ సర్వీస్ వారి ఆర్‌ఎమ్‌ఎస్ బోగీలో నిలబడి గూళ్లలోకి ఉత్తరాలు వేసే వేరే రాష్ట్రపు సార్టరుకు అది అర్థమయ్యేది కాదు. ఆరంకెలుంటే చాలు. మొదటి అంకె 5 అని చూడగానే ఉత్తరం మన వైపో కర్ణాటక వైపో వస్తోందని తేలిపోతుంది. లోపల ఏం రాసుందో తెలియనక్కర్లేదు. ఫ్రమ్, సబ్జెక్ట్ పంక్తులు ఈమెయిల్‌కు చేసిన ఉపకారం అదే.

1982 మార్చిలో కంప్యూటర్ నిపుణుల సంఘం ఏసీఎమ్ అధ్యక్షుడి హోదాలో పీటర్ డెనింగ్ ‘ఎలక్ట్రానిక్ జంక్’ అనే లేఖ రాశారు. సమాచారం పుట్టించడం గురించే ఆలోచిస్తున్నాం, దాన్ని అందుకునేవాడి గురించి కూడా ఆలోచించాలని అందులో హెచ్చరించారు. 1984లో లారీ వాల్ యూజ్‌నెట్ చర్చలు చదవడానికి రాసిన ఆర్‌ఎన్ ప్రోగ్రామ్‌లో ‘కిల్ ఫైల్’ ఉండేది. చూడదలచుకోని విషయాల పేర్లు అందులో రాసి పెడితే అవి కంటబడవు. ఆ తర్వాత పెర్ల్ భాష సృష్టించింది ఈ వాలే.

ఇన్‌బాక్స్ రూల్స్‌కు ఇప్పుడు మనం వాడే రూపం ఎమ్ఐటీలో కనిపించింది. థామస్ మలోన్ బృందం చేసిన ఇన్ఫర్మేషన్ లెన్స్ గురించి 1987 మేలో వచ్చిన వ్యాసం నేటికీ చదవదగ్గది. ‘ఫలానా వారి నుంచి వస్తే, ఫలానా ఫోల్డర్‌లో పెట్టు’ అని ఫారం నింపినట్టు నింపుకునే రూల్స్ అందులో ఉన్నాయి. మనుషులు ఉత్తరాలను వడగట్టే తీరు మూడు రకాలని ఆ వ్యాసం చెప్పింది: విషయాన్ని బట్టి, పంపినవారితో ఉన్న సంబంధాన్ని బట్టి, చదవడానికయ్యే ఖర్చూ వచ్చే లాభమూ బేరీజు వేసుకుని. మీటింగు కబురుకు ఒక అచ్చు, మరో రకం ఉత్తరానికి మరో అచ్చు అని రకరకాల మూసలు తయారుచేసి, జనం వాటిలో రాస్తే యంత్రానికి సులువని వాళ్లు ఆశించారు.

తర్వాత వెండీ మెకే, మలోన్ తదితరులు ఆ పరికరాన్ని ఒక సంస్థలో కనీసం మూడు నెలలపాటు వాడిన 13 మందిని గమనించారు. 1989లో అచ్చయిన ఆ ఫలితాలు నాకు ఈ చరిత్రలోకెల్లా విలువైనవిగా తోస్తాయి. కంప్యూటర్లతో పెద్దగా పరిచయం లేనివాళ్లు కూడా రూల్స్ చక్కగా రాసుకున్నారు. ప్రత్యేకమైన మూసల అవసరమే పడలేదు. ప్రతి ఉత్తరం మీదా ఉండే పంక్తులే, అంటే ఎవరికి వచ్చింది, సబ్జెక్ట్‌లో ఏ మాట ఉంది అన్నవే సరిపోయాయి. కొందరు చదవకముందు ముఖ్యమైనవి పైకి తెచ్చుకోవడానికి రూల్స్ వాడితే, కొందరు చదివాక దాచుకోవడానికి వాడారు. నాలుగోది గుర్తుంచుకోవలసింది: తీసేయమని చెప్పే రూల్స్ వాళ్లు పెట్టింది ముఖ్యంగా మందికి పోయే సామూహిక ఉత్తరాల మీదే గానీ, తమ పేరున వచ్చిన సొంత ఉత్తరాల మీద కాదు.

ఆ వివేకం నాకు ఆలస్యంగా అబ్బింది. అమ్మకాల మెయిల్స్ బాధ పడలేక, సబ్జెక్ట్‌లో ‘ఆఫర్’ అన్న మాట ఉంటే చెత్తబుట్టలోకి పొమ్మని ఒకప్పుడు రూల్ పెట్టాను. మా చెల్లెలి కొడుకు తన మొదటి ఉద్యోగపు ఆఫర్ లెటర్ నాకు పంపి, మామయ్య ఏమంటాడా అని రెండు రోజులు ఎదురుచూశాడట. రూల్ తన పని తాను తప్పులేకుండా చేసింది. నేను దానికి ఒక మాట చెప్పాను గానీ, ఆ మాటకు ఎన్ని అర్థాలున్నాయో ఆలోచించలేదు. అప్పట్నుంచి నా రూల్స్‌లో దేనికీ తీసేసే అధికారం లేదు, పక్కన పెట్టే అధికారమే ఉంది.

1990లో స్టీఫెన్ వాన్ డెన్ బెర్గ్ రాసిన ప్రాక్‌మెయిల్ అనే మెయిల్ సర్దే ప్రోగ్రామ్ యూనిక్స్ కంప్యూటర్ల లోకాన్ని చాలాకాలం ఏలింది. అందులో ఒక్కో రూల్‌ను ‘రెసిపీ’ అంటారు. కోలన్, సున్నా, మళ్లీ కోలన్ అని మొదలవుతుంది. షరతులెన్ని ఉన్నాయో చెప్పే అంకె ఒకప్పుడు ఉండే చోట ఇప్పుడు ఆ సున్నా మిగిలింది. రెండో కోలన్ తాళం లాంటిది: ఒకేసారి రెండు ఉత్తరాలు వచ్చి ఒకే ఫైల్లో ఒకదాని మీద ఒకటి పడిపోకుండా కాపాడుతుంది. 2001 తర్వాత ఇరవయ్యేళ్ల దాకా కొత్త వెర్షన్ రాకపోయినా అది పని చేస్తూనే ఉంది. ఈలోగా యూడోరా, అవుట్‌లుక్ వంటి మెయిల్ ప్రోగ్రాములు ఇదే సంగతిని మెనూల్లోకి తెచ్చి మామూలు ఉద్యోగుల చేతికిచ్చాయి.

ప్రాక్‌మెయిల్‌తో చిక్కొకటుంది. దాని రెసిపీల నుంచి ఏ ప్రోగ్రామ్‌నైనా నడిపించవచ్చు. వేల మంది ఖాతాలుండే సర్వర్‌లో అందరికీ అంత స్వేచ్ఛ ఇవ్వడం కష్టం. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో టిమ్ షోవాల్టర్ దానికి విరుగుడు ఆలోచించి, 2001 జనవరిలో ఆర్‌ఎఫ్‌సీ 3028గా ఒక చిన్న భాషను వెలువరించారు. పేరు సీవ్, అంటే జల్లెడ. అందులో తిరిగి తిరిగి నడిచే లూపులు కావాలనే పెట్టలేదు, అందుకని ఎవరు ఎలాంటి స్క్రిప్టు రాసినా అది ఎక్కడో ఒకచోట ఆగి తీరుతుంది. అంతకంటే నాకు నచ్చినది మరొకటి. ఏ రూలూ వర్తించకపోయినా, స్క్రిప్టు నడుమ తప్పు దొర్లినా, ఉత్తరం ఇన్‌బాక్స్‌లోనే ఉండిపోవాలని ఆ ప్రమాణం శాసిస్తుంది. పారేయమని నోరు తెరిచి చెబితే తప్ప ఏదీ పోదు. మన వంటింటి జల్లెడ కంటే ఇది జాగ్రత్త గల జల్లెడ. ఎన్నో మెయిల్ సర్వర్లలో ఇప్పుడు నడుస్తున్న డవ్‌కాట్‌లో ఈ సీవ్‌ను అమలు చేసే భాగం పేరు పిజన్‌హోల్. డవ్‌కాట్ అంటే పావురాల గూడు. పిజన్‌హోల్ అంటే ఆర్‌ఎమ్‌ఎస్ సార్టరు ముందుండే ఉత్తరాల గూడు కూడా.

ఇక్కడ తెలుగు సంగతి చెప్పాలి. పాత మెయిల్ ప్రమాణాల్లో ఇంగ్లీషు అక్షరాలకే చోటు. 90ల్లో నెట్‌లో తెలుగు రాయదలచినవారు రైస్ విశ్వవిద్యాలయం పేరు మీద వచ్చిన ఆర్‌టీఎస్ పద్ధతిలో రోమన్ అక్షరాలతో రాసేవారు. చిన్న ఎల్ రాస్తే ల, పెద్ద ఎల్ రాస్తే ళ. ప్రాక్‌మెయిల్ మాత్రం ప్రత్యేకంగా చెబితే తప్ప చిన్నా పెద్దా తేడా చూడదు. అంటే దానికి కల, కళ ఒకటే. యూనికోడ్‌లో 1991లోనే తెలుగుకు చోటు దొరికింది. మరుసటేడు కీత్ మూర్ సబ్జెక్ట్ పంక్తిలో ఇతర భాషలు పంపే మార్గం చెప్పారు గానీ, ఆ మార్గంలో ‘శుభాకాంక్షలు’ అన్న మాట అంకెలూ రోమన్ అక్షరాలూ కలిసిన ముద్దగా మారి ప్రయాణిస్తుంది. ముడి పంక్తినే చూసే ప్రాక్‌మెయిల్‌కు అందులో శుభాకాంక్షలు కనిపించవు. సీవ్ ప్రమాణం ఆ ముద్దను ముందు యూనికోడ్‌లోకి విప్పి ఆ తర్వాతే పోల్చి చూడాలంది. తెలుగు మాటతో రూల్ రాసుకోవచ్చని ఒక ప్రమాణ పత్రం భరోసా ఇవ్వడం నాకు చిన్న విషయంగా అనిపించదు.

2004 ఏప్రిల్ 1న వచ్చిన జీమెయిల్ గూళ్ల పద్ధతినే కదిలించింది. ఉత్తరం ఒక ఫోల్డర్‌లో ఉంటే మరో ఫోల్డర్‌లో ఉండదు. లేబుళ్లు మాత్రం ఒకే ఉత్తరానికి నాలుగైనా తగిలించవచ్చు. ఇంకోవైపు, అంతకుముందే పని మెల్లగా మన చేతుల్లోంచి జారడం మొదలైంది. ఏ మాటలుంటే స్పామ్ అయ్యే అవకాశం ఎంత అని లెక్కగట్టే బేయిజియన్ పద్ధతిని 1998లో మెహ్రాన్ సహామీ బృందం, 2002లో పాల్ గ్రహామ్ వ్యాసం ప్రచారంలోకి తెచ్చాయి. తర్వాత జీమెయిల్‌లోనే 2010లో ప్రయారిటీ ఇన్‌బాక్స్, 2013లో ప్రైమరీ, సోషల్, ప్రమోషన్స్ ట్యాబ్‌లు వచ్చాయి. స్పామ్‌ను ఆపడంలో ఈ లెక్కలు చేసిన మేలు ఎంతో. సర్దే పనిలో మాత్రం నా ఓటు పాత రూల్స్‌కే. ఉత్తరం ఆ గూట్లోకి ఎందుకు పోయిందని అడిగితే రూల్ తన కారణాన్ని ఒక్క పంక్తిలో చూపిస్తుంది, తప్పయితే దిద్దుకోవచ్చు. యంత్రం నేర్చుకున్న లెక్క అలా జవాబు చెప్పదు.

రూల్స్‌కు ఒక చీకటి కోణమూ ఉంది. ఎవరి పాస్‌వర్డో దొంగిలించి ఖాతాలోకి చొరబడినవాళ్లు, బ్యాంకు నుంచి వచ్చే హెచ్చరికలను కంటబడని ఫోల్డర్‌లోకి తోసేసే రూలో, ప్రతి మెయిల్ నకలునూ బయటికి పంపే రూలో పెట్టి వెళ్తారు. పాస్‌వర్డ్ మార్చినా ఆ రూల్ అక్కడే ఉండి పని చేస్తూనే ఉంటుంది. 2020లో అమెరికా ఎఫ్‌బీఐ ఈ విషయమై సంస్థలకు హెచ్చరిక జారీ చేసింది. అందుకని ఇది చదివాక ఒక్క పని చేయండి. మీ మెయిల్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఫిల్టర్లు లేదా రూల్స్ పేజీ, ఫార్వర్డింగ్ పేజీ తెరిచి ప్రతి పంక్తీ చదవండి. మీరు రాయనిది ఒక్కటి కనిపించినా తీసేసి, పాస్‌వర్డ్ మార్చి, ఆఫీసు మెయిల్ అయితే వెంటనే అక్కడి సాంకేతిక సిబ్బందికి చెప్పండి.