లెక్కలోకి రాని లేసు పని



క్రిందటి నెల సంఘ కుటుంబాల రిజిస్టరు తిరగరాస్తూ ఇంటింటికీ వెళ్లాము. ఒక ఇంటి అరుగు మీద పెద్దావిడ లేసు అల్లుతూ కనిపించారు. "అమ్మా, మీరేం పని చేస్తారు?" అని అడిగాము. చేతిలో సూది ఆగలేదు. "నాకేం పనండీ అయ్యగారూ, ఇంట్లోనే ఉంటానండీ" అన్నారు. మేము కూడా "గృహిణి" అని రాసుకుని వచ్చేశాము. ఆ రాత్రి మా ఇంటావిడ చెబితే తెలిసింది, మనవరాలి కాలేజీ ఫీజు కడుతున్నది ఆ లేసు డబ్బులేనట!

ఈ పని మన గోదావరి తీరానికి ఎలా వచ్చిందో చూద్దాం. 1836లో విలియం బౌడెన్, జార్జి బీర్ దంపతులు ఇంగ్లండు నుండి సువార్త కోసం బయలుదేరి వచ్చి, తరువాత నర్సాపురం, పాలకొల్లు ప్రాంతాల్లో సేవ చేశారు. 19వ శతాబ్దంలోనే మెక్రే అనే మిషనరీ దంపతులు నర్సాపురం దగ్గర పేద క్రైస్తవ స్త్రీలకు లేసు అల్లడం నేర్పారు. కూలి దొరకని రోజుల్లో అది కూడు పెట్టింది. తరువాత ఇతర కులాల స్త్రీలూ నేర్చుకున్నారు. గడప దాటకుండా చేసుకోవచ్చు గనుక దాన్ని గౌరవమైన పని అన్నారు.

ఆ గౌరవంలోనే ఒక చిక్కు ఉంది. ఏజెంటు దారం ఇస్తాడు, అల్లింది పట్టుకెళతాడు. పువ్వులల్లే చేతిపని ఒకరిది, వాటిని కలిపే అతుకుపని మరొకరిది. పూర్తయిన బల్లగుడ్డ ఏ దేశానికి పోయిందో, ఎంతకు అమ్ముడుపోయిందో అల్లినవారికి తెలియదు. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు ఈ ఊళ్లలో తిరిగి, 1982లో నర్సాపురం లేసు స్త్రీల మీద పుస్తకం ప్రచురించారు. రోజుకు ఆరేడు గంటలు అల్లుతున్నా వారిని పనివారిగా ఎవరూ ఎంచలేదనీ, తీరిక వేళ చేసే పని అన్న పేరుతో కూలి తక్కువే ఇచ్చారనీ ఆమె చూపించారు. 2024లో నర్సాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. అల్లే చేతికి ఇంట్లోనే గుర్తింపు లేకపోతే ఎలా?

దేవుని వాక్యం ఈ సంగతి దాచలేదు. సామెతలు 31వ అధ్యాయంలోని స్త్రీ పొలం చూసి కొంటుంది, తన సంపాదనతో ద్రాక్షతోట నాటిస్తుంది. తాను నేసినదాన్ని వర్తకులకు తానే అమ్ముతుంది. అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం లూదియ పేరుతో పాటు ఆమె అమ్మే సరుకు కూడా చెబుతుంది. లూకా 8వ అధ్యాయంలో యోహన్న, సూసన్న తమ ఆస్తితో ప్రభువు పరిచర్యకు తోడ్పడ్డారని ఉంది. లూకా వారి పేర్లు రాశాడు. మేమేమో "గృహిణి" అని రాశాము.

మన ఇళ్లలో ఆడవారు డబ్బు మాటెత్తితే "నీకెందుకు?" అంటాము. దాని ఫలితం కిందటేడు చూశాము. మన సంఘంలో ఒక సోదరుడు ప్రభువునందు నిద్రించాక ముగ్గురు అప్పు కాగితాలతో వచ్చారు. ఏది నిజమో భార్యకు తెలియదు. ఆయన ఎన్నడూ చెప్పలేదు, ఆమె ఎన్నడూ అడగలేదు. దాచుకున్న లేసు డబ్బులన్నీ ఇచ్చేసింది. ఆ ఇంట మేము ఎన్నోసార్లు ప్రార్థన చేశాము గానీ లెక్కల గురించి ఒక్కసారీ అడగలేదు. ఆ తప్పు మాది కూడా.

అందుచేత రిజిస్టరు దిద్దాము. ఆ పెద్దావిడ పేరు ఎదుట ఇప్పుడు "లేసు పని" అని ఉంది. సోదరులారా, వారానికొక రాత్రి కుటుంబ ప్రార్థన అయ్యాక రాబడి, అప్పు, చీటీ అన్నీ భార్య ముందు పెట్టండి. సోదరీలారా, అడగడం అవిధేయత కాదు. ఏజెంటునూ ధర అడగండి. సంఘ లెక్కలు కూడా ఇకమీదట స్త్రీల కూడికలో చదువుతాము.

ప్రభువు మన ఇళ్లను వెలుగులో నడిపించును గాక. ఆమేన్.