రాచ్‌డేల్ అంగడి చరిత్రము

సహకార విక్రయశాలల ప్రస్తావన వచ్చినప్పుడు సరుకు చవుకగా దొరకునను మాటయే మొదట వినబడును. చవుకయే పరమార్థమైనచో సంతకు బోయినను చాలును. ఇంగ్లాండు దేశమున రాచ్‌డేల్ అను నేతపట్టణమందు 1844వ సంవత్సరమున వెలసిన చిన్న యంగడి కథ నెఱిగినవారికి దాని మర్మము వేఱొకచోట గలదని స్పష్టము కాగలదు.

ఆ యేట నేతగాండ్రు కూలి పెంపునకై చేసిన యత్నము విఫలమయ్యెను. చేత కాసులేని కూలివాడు అంగడివాని పద్దునకు బద్ధుడై యుండెను. ఆనాటి ఇంగ్లాండున పిండిలో పటికయు, తేయాకులో వాడిన యాకును గలుపుట సాధారణము. అరువు దెచ్చువాడు సరుకు మంచిచెడ్డల నడుగజాలడు. మేమును ఉపాధ్యాయత్వపు తొలినాళ్లలో జీతము రాకమున్నే సరుకు దెచ్చుకొని, తూకము తక్కువైనను నోరు మెదపక యింటికి వచ్చిన దినములు గలవు గనుక, ఈ విషయము మాకు గ్రంథములవలన దెలియవలసిన పనిలేదు.

అట్టి స్థితిలో 28 మంది కూడిరి. వారందఱును నేతగాండ్రేయని లోకవాడుక. తక్కిన వృత్తులవారును అందు గలరు. వారము వారము రెండు మూడు పెన్నీలు కూడబెట్టి, 28 పౌనుల మూలధనము సమకూర్చి, టోడ్ లేన్ అను వీధిలో నొక గిడ్డంగి క్రిందిభాగమును సాలునకు 10 పౌనుల యద్దెకు గైకొని, డిసెంబరు 21వ తేది సాయంకాలమున దలుపులు దెఱచిరి. వెన్న, చక్కెర, గోధుమపిండి, ఓట్లపిండి, కొవ్వొత్తులు మాత్రమే యా యంగడి సొత్తు. వీధిపిల్లలు గేలిచేసిరట.

అరువు లేదు, రొక్కమునకే విక్రయము. ఎన్ని వాటాలున్నను ఒక సభ్యునకు ఒక్కటే వోటు. స్త్రీలును సభ్యులు కావచ్చును. మూలధనమునకు పరిమితమైన వడ్డీ యిచ్చి, మిగిలిన లాభమును వాటాలనుబట్టి గాక, ఎవరెంత కొనిరో దానినిబట్టి పంచిరి. పది పౌనుల సరుకు కొన్న గృహస్థునకు, అయిదు పౌనులది కొన్నవానికంటె రెండింతలు ముట్టును. ఆ సొమ్మును సంఘముననే యుంచినచో, తినిన కొలదియు నిలువ పెరుగును! మర్మమిదియే. లాభమున నూటికి రెండున్నర వంతు విద్యకు గేటాయించి పఠనాలయము నడిపిరనుట బడిపంతులమైన మాకు మిక్కిలి ప్రీతికరము. 1850 నాటికి సభ్యులు 600 మంది యైరి.

అయితే యీ కథయంతయు జయగాథ కాదు. 1854లో నిదే పట్టణమున సహకార వస్త్రయంత్రశాల నొకటి స్థాపించి, పనిచేయు కూలివారికిని లాభములో భాగమిచ్చుచుండిరి. దాని యభివృద్ధిని జూచి వాటాలు కొన్నవారు సంఖ్యాబలము సంపాదించి, 1862లో కూలివారి భాగమును రద్దుచేసిరి. నేతగాండ్ర యూరిలో నేతగాండ్రకే యీ యన్యాయము జరిగినది! అంగడి నిలిచినది, వాటాదారుడే కొనుగోలుదారుడగుటచేతనే. యంత్రశాలలో వాటాదారుడు వేఱు, పనివాడు వేఱు.

మన దక్షిణదేశమున 1904లో మదరాసునందలి తిరువల్లిక్కేణిలో నెలకొన్న నగర సహకారసంఘము ఈ రాచ్‌డేల్ మార్గమునే యనుసరించినది. దాని స్థాపకులలో వి. యస్. శ్రీనివాసశాస్త్రిగా రొకరు. అప్పటికి వారు అదే పేటలోని హిందూ హైస్కూలునకు ప్రధానోపాధ్యాయులు.