వారానికి ఒక్కసారే వేసుకోవాల్సిన మాత్ర

తమిళ మీడియంలో చదివినవాణ్ణి, రాతలో తప్పులుంటే మన్నించండి. ఈసారి మన నీలం నగర్ చరిత్ర కాదు, మన ఇళ్లలోకి వచ్చే ఒక మాత్ర చరిత్ర రాస్తున్నాను.

మా ఆవిడ చాలా ఏళ్లు బీడీలు చుట్టింది. తర్వాత వేళ్ల కీళ్లు వాచి, పొద్దున లేవగానే పిడికిలి పట్టలేకపోయేది. డాక్టరుగారు రుమటాయిడ్ కీళ్లవాతం అని చెప్పి, మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి వేసుకోమని రాశారు. నేను బీపీ మాత్రలాగా రోజూ ఇచ్చేశాను. ఐదారు రోజులకే నోటినిండా పుండ్లు, జ్వరం. రక్తపరీక్షలో తెల్లకణాలు బాగా పడిపోయాయి. ఆస్పత్రిలో ఉంచి బతికించారు. తప్పు నాది. అప్పుడే ఈ సంగతులన్నీ అడిగి, చదివి తెలుసుకున్నాను.

మా రైల్వేలో సెక్షన్ కంట్రోలర్ తాను బండి నడపడు. అయినా ఆయన చెబితేనే బండ్లు కదులుతాయి. మన రక్తంలో సహాయక టీ కణం పని అలాంటిదే. రోగక్రిమి ముక్కను గుర్తుపట్టి, రసాయనాలతో కబురు పంపుతుంది. ఆ కబురుతో బీ కణాలు ప్రతిరక్షకాలు తయారుచేస్తాయి, క్రిములను మింగే కణాలకు బలం వస్తుంది, ఎముక మూలుగలో కొత్త తెల్లకణాలు పుడతాయి. థైమస్ గ్రంథి ఎందుకుందో 1961లో జాక్ మిల్లర్ చూపించారు. అక్కడి కణాలు తాము ప్రతిరక్షకాలు చేయవనీ, మూలుగ నుంచి వచ్చిన కణాల చేత చేయిస్తాయనీ 1968లో ఆయనా, గ్రాహం మిచెల్ కలిసి తేల్చారు. కీళ్లవాతంలో ఈ కంట్రోలరే పొరబడి, సొంత కీళ్ల మీదికి బలగాన్ని పంపుతుంది.

ఇక మాత్ర సంగతి. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మద్రాసులో వైద్యం చదివి, 1923లో అమెరికా వెళ్లారు. సంగ్రహణి జబ్బుతో అన్నను పోగొట్టుకున్నారు, తానూ బాధపడ్డారు. లెడర్లీ కంపెనీలో ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారుచేసింది. రక్తకణాలు పుట్టడానికి అది కావాలి. ఆ తర్వాత దాన్ని అడ్డుకునే మందులూ అక్కడే పుట్టాయి. వాటిలో ఒకదాన్ని బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్తక్యాన్సర్‌కు వాడారు. మెథోట్రెక్సేట్ ఆ కుటుంబంలోదే. 1948 ఆగస్టులో సుబ్బారావుగారు పోయారు. సహాయక కణం సంగతి ఆయనకు తెలియనే తెలియదు. అమెరికాలో ఆ మందును కీళ్లవాతానికి 1988లో ఆమోదించారు.

వారానికొకసారి కొద్ది మోతాదులో అది దారి తప్పిన కణాల జోరు తగ్గిస్తుంది. రోజూ వేస్తే మూలుగకే తిండి ఆపేస్తుంది. అందుకే డాక్టర్లు ఫోలిక్ ఆమ్లం మాత్ర కూడా రాస్తారు, రక్తపరీక్షలు చేయిస్తారు.

మా ఇంట్లో ఇప్పుడు డబ్బా మీద 'ఆదివారం మాత్రమే' అని తెలుగులో పెద్దగా రాసిపెట్టాను. మీ ఇంట్లో అమ్మకో అత్తకో ఈ మాత్ర ఉంటే ఈ రాత్రే చీటీ తీసి చూడండి. అనుమానముంటే డాక్టరును అడగండి. అడగడానికి సిగ్గుపడకండి. నేను అడగకుండా చేసినదానికి మా ఆవిడ అనుభవించింది.