తలనొప్పి ఎవరిది?

గుడివాడ పక్కన నందివాడ మాది. నా చిన్నప్పుడు మా తాతయ్య పొద్దున్నే వీధి అరుగు మీద కూర్చుని ఆంధ్రపత్రిక పైకి చదివేవాడు. కింద మెట్ల మీద పాలేర్లు కూర్చుని వినేవాళ్లు. ప్రకటనలు వస్తే మాత్రం వదిలేసి పేజీ తిప్పేవాడు. "అదంతా అమ్ముకునేవాళ్ల గోలరా" అనేవాడు. బొమ్మలుంటాయని నేను ముందు అవే చూసేవాణ్ణి. పత్రిక ఎవరి కోసమో సంపాదకీయం దాచినా ప్రకటన దాచదని ఇన్నేళ్లకు నాకు అర్థమైంది.

ఆంధ్రపత్రిక సంగతే చూడండి. మా కృష్ణాజిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. 1908లో అక్కడే వారపత్రిక పెట్టి, 1914లో మద్రాసుకు తెచ్చి దినపత్రిక చేశారు. మందు పత్రికను పోషించింది, పత్రిక మందును ఊరూరా తిప్పింది. ఒక పక్క స్వరాజ్యం, ఆంధ్రోద్యమం. ఇంకో పక్క తలనొప్పి మందు. అంటే ఆ పాఠకుడు చదువుకున్నవాడు, దేశం గురించి బెంగపడేవాడు, డబ్బా కొనగలిగినవాడు. ఏ ప్లీడరుగారో, బడిపంతులో, మా తాతయ్యలాంటి ఆసామో అని నా లెక్క.

డాక్టర్ కేసరిగారు 1928లో మద్రాసులో పెట్టిన గృహలక్ష్మిలో ఈ లెక్క ఇంకా తేట. ఆయన ఆడవాళ్ల మందు లోధ్ర తయారుచేసేవారు. పత్రికా ఆడవాళ్లదే, మందూ ఆడవాళ్లదే. "మరి చందా కట్టేదెవరో?" అంది మా ఆవిడ. అదీ నిజమే! చదివేవారొకరు, డబ్బిచ్చేవారొకరు. ఇద్దరినీ మెప్పించాలి పాపం ప్రకటన.

ప్రకటన లేకపోయినా రాతే చెప్పేస్తుంది ఒక్కోసారి. బందరులో 1902లో పుట్టిన కృష్ణాపత్రికకు ముట్నూరి కృష్ణారావుగారు 1907 నుంచి 1945లో పోయేదాకా సంపాదకులు. ఆయన వ్యాసం రుచి తెలియాలంటే కాస్త సంస్కృతం గాలి సోకి ఉండాలి. 'ఈ భాష అందినవాళ్లు రండి' అని పిలవడమేగా అది! అదే మా పొరుగు పెదపారుపూడి నుంచి వెళ్లిన రామోజీరావుగారు 1969లో మొదలుపెట్టిన అన్నదాతకు ఆ బాధే లేదు. పాఠకుడెవరో పేరులోనే ఉంది.

ఇప్పుడు మా ఊరి వరిచేలు చాలామటుకు చేపల చెరువులైపోయాయి. జిల్లా పేజీ తెరిస్తే నా కళ్లు ముందు చేపల మేత ప్రకటన కోసమే వెతుకుతాయి. చెరువు మనిషిని కదా!

అరుగు కిందివాళ్ల సంగతి చెప్పలేదు. ఒకరోజు తాతయ్య పేజీ తిప్పబోతుంటే ముసలి పాలేరు ఒకడు, "ఆ బొమ్మల్లో మాకేమన్నా ఉందా అయ్యా?" అని అడిగాడు.

"ఉండరా, చూద్దాం" అని తాతయ్య కళ్లజోడు సవరించుకున్నాడు. ఎన్నడూ చదవనివాడు ఆవేళ మొదటి పేజీ నుంచి ప్రకటనలన్నీ వరసగా చూశాడు. చివరిదాకా చూసి, పత్రిక మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు.


"మళ్లీ రేపు చూద్దాంలే" అన్నాడు.