ముహాజిర్లకు మదీనాలో ఇల్లు: ఆతిథ్యం నుండి స్వగృహం వరకు

హిజ్రత్ గాథను మనం సాధారణంగా సౌర్ గుహతో మొదలుపెట్టి, మదీనా ప్రజల స్వాగతంతో ముగిస్తాం. మన మీలాద్ సభల్లోని ఉపన్యాసాలు చాలావరకు అక్కడే ఆగిపోతాయి. కాని స్వదేశం విడిచి పరాయి చోటు చేరుకున్న మనిషికి అసలు పరీక్ష ప్రయాణం ముగిసిన రాత్రే మొదలవుతుంది. ఈ రాత్రి ఎక్కడ పడుకోవాలి? రేపటి నుండి భార్యాబిడ్డలను ఎవరి కప్పు కింద ఉంచాలి? ఎంతకాలం ఒకరింట్లో అతిథిగా ఉండగలం? క్రీ.శ. 622లో మక్కా ముస్లిములు ఈ ప్రశ్నలన్నిటినీ ఎదుర్కొన్నారు. వాటికి దైవప్రవక్త (స) నాయకత్వంలో దొరికిన పరిష్కారం కేవలం ఔదార్యగాథ కాదు. అందులో ఒక క్రమం ఉంది, ఒక నీతి ఉంది. ఆ క్రమాన్ని పరిశీలించడమే ఈ వ్యాస ఉద్దేశం.

యస్రిబ్ స్వరూపం

ఆనాటి యస్రిబ్‌ను నేటి పట్టణాల వలె ఊహించుకోరాదు. అది ఒకే ఊరు కాదు, కొన్ని పల్లెల సమూహం. ఖర్జూర తోటలు, బావులు, పొలాల మధ్య ఒక్కో తెగ తన పేటలో, తన బురుజు కోటల చుట్టూ నివసించేది. ఔస్, ఖజ్రజ్ తెగలు హిజ్రత్‌కు కొద్ది సంవత్సరాల ముందే బుఆస్ యుద్ధంలో పరస్పరం రక్తం చిందించుకున్నాయి. ఇటువంటి చోట బయటివాడు వచ్చి నలుగురిని విచారించి, ఇంత సొమ్ము చెల్లించి ఒక ఇంట్లో దిగడం తేలికగా జరిగే పని కాదు. ఏదో ఒక తెగ ఆదరించి తన పేటలో చోటిస్తేనే అతనికి నిలువ నీడ, ప్రాణరక్షణ రెండూ లభిస్తాయి.

వచ్చినవారు రిక్తహస్తులు కూడా. చాలామంది సొమ్మూ సామగ్రీ మక్కాలోనే వదిలి వచ్చారు. సుహైబ్ (రజి) తన ధనమంతా ఖురైషులకు అప్పగించిన తరువాతే బయటపడగలిగారు. బనూ జహష్ కుటుంబం పిల్లాపాపలతో సహా తరలిరాగా, తాళం పడిన వారి ఇంటిని అబూ సుఫ్యాన్ అమ్మివేశారు. వ్యాపారులైన మక్కా వారికి మదీనా వ్యవసాయం తెలియదు. పైగా ఆ నేల జ్వరాలు వారికి పడలేదు. అబూ బక్ర్ (రజి), బిలాల్ (రజి) వచ్చిన కొత్తలోనే తీవ్రమైన జ్వరంతో మంచం పట్టారని హజ్రత్ ఆయిషా (రజి) తెలియజేశారు.

తొలి ఆశ్రయాలు

ఎవరు ఎవరింట్లో దిగారో ఇబ్న్ ఇస్‌హాఖ్ తన సీరా గ్రంథంలో పేరుపేరునా నమోదు చేశారు. ఉమర్ (రజి) ఖుబాలో రిఫాఆ బిన్ అబ్దుల్ ముంజిర్ ఇంట దిగారు. ఉస్మాన్ బిన్ అఫ్ఫాన్ (రజి)కు కవి హస్సాన్ సోదరుడైన ఔస్ బిన్ సాబిత్ ఆశ్రయమిచ్చారు. పెళ్ళికాని యువకులను సఅద్ బిన్ ఖైసమా తన ఇంట చేర్చుకున్నారు. ఆయనా ఒంటరివాడే గనుక ఆ ఇంటికి ‘బ్రహ్మచారుల ఇల్లు’ అనే పేరే వచ్చింది. కుటుంబాల మధ్య ఒంటరి మగవాళ్లకు చోటు దొరకడం ఈనాటికీ కష్టమే. ఆ ఇబ్బందిని ఆనాడే గుర్తించి, వారికి వేరే ఏర్పాటు చేయడం గమనార్హం.

ఆ జాబితాలోని మరో పేరు మన దృష్టిని ప్రత్యేకంగా ఆకర్షిస్తుంది. సున్హ్ పేటలో తల్హా, సుహైబ్ (రజి)లకు ఇల్లు చూపినవారు ఖుబైబ్ బిన్ ఇసాఫ్. ఆయన బద్ర్ ప్రయాణం వరకు ఇస్లాం స్వీకరించలేదని జీవితచరిత్రకారులు రాశారు. అంటే ముహాజిర్లకు తలుపు తెరిచినవారిలో అప్పటికి ముస్లిం కాని సజ్జనుడు కూడా ఉన్నాడన్నమాట.

దైవప్రవక్త (స) ఖుబాలో కుల్సూం బిన్ హిద్మ్ ఇంట కొద్దిరోజులు ఉండి పట్టణంలోకి బయలుదేరారు. దారిలో ప్రతి తెగా తమ వద్దనే దిగమని ఒంటె పగ్గం పట్టుకుని ప్రాధేయపడింది. ఒంటెకు దైవాజ్ఞ అయిందని, దాని దారిన దాన్ని వదలమని ఆయన చెప్పారు. అది ఆగిన స్థలానికి దగ్గరలో అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) ఇల్లు ఉంది. పాత వైరాలు ఇంకా చల్లారని ఊళ్లో, ఒక తెగను ఎంచుకుంటే మరో తెగ మనసు నొచ్చుకునేది. ఆ అవకాశమే లేకుండా పోయింది.

అబూ అయ్యూబ్‌ది రెండంతస్తుల ఇల్లు. వచ్చిపోయేవారికి సౌకర్యమని ప్రవక్త (స) కింది భాగంలో ఉన్నారు. ఒకనాడు పై అంతస్తులో నీటి కుండ పగిలింది. నీరు కిందికి కారి ప్రవక్త (స)కు ఇబ్బంది కలుగుతుందేమోనని ఆ దంపతులు తమకున్న ఒకే ఒక దుప్పటితో ఆ తడిని అద్దారు. ఆతిథ్యంలోని ప్రేమతో పాటు దాని బరువు కూడా ఈ సంఘటనలో కనిపిస్తుంది. ఇంటివారు సొంత ఇంట్లోనే అడుగు తీసి అడుగు వేయడానికి వెనుకాడుతున్నారు. ఈ స్థితి ఎంత పవిత్రమైనదైనా శాశ్వతంగా ఉండదగినది కాదు. ప్రవక్త (స) అక్కడ సుమారు ఏడు నెలలు ఉండి, మస్జిద్ పక్కన గదులు సిద్ధం కాగానే తరలివెళ్లారు.

చీట్ల పద్ధతి

ముహాజిర్లను ఇళ్లకు పంచడంలో చీట్లు వేసే పద్ధతిని కూడా పాటించారు. ఉమ్ముల్ అలా (రజి) అనే అన్సారీ మహిళ ఈ విషయం చెప్పినట్లు సహీహ్ బుఖారీలో ఉంది. ఆమె కుటుంబం వంతుకు ఉస్మాన్ బిన్ మజ్ఊన్ (రజి) వచ్చారు. ఆయన జబ్బుపడినప్పుడు వారే సేవచేశారు. ఆ జబ్బుతోనే ఆయన కన్నుమూశారు.

ఈ పద్ధతిలోని వివేకాన్ని కొంచెం ఆలోచించాలి. ఆశ్రయమిచ్చేవారికి ఎంపిక హక్కు ఉంటే పేరున్నవారిని, కులీనులను, ఉపయోగపడగలవారిని ముందుగా తీసుకుంటారు. ముసలివాడు, రోగి, విముక్తి పొందిన బానిస చివరికి మిగిలిపోతారు. అలా మిగిలిపోయినవాని అవమానం ఆకలికంటె బాధాకరం. చీటీ ఆ అవమానాన్ని తొలగించింది. వచ్చినవాడు తనను ఎవరూ కాదనలేదని ధైర్యంగా ఉండగలిగాడు. చోటిచ్చినవాడు ప్రత్యేకంగా ఒకరిని ఉద్ధరించానని చెప్పుకునే వీలు లేకపోయింది.

తరువాత ప్రవక్త (స) ఒక్కో ముహాజిర్‌కు ఒక అన్సారీని సోదరునిగా జతచేశారు. సఅద్ బిన్ రబీఅ (రజి) తన ఆస్తిలో సగం ఇవ్వజూపగా, అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) ఆయనను దీవించి, బజారు ఎక్కడో చూపమని మాత్రమే కోరారు. వెన్న, ఎండిన జున్ను అమ్మి తన కాళ్లపై తాను నిలబడ్డారు. తమ ఖర్జూర తోటలను వచ్చినవారికి సమంగా పంచమని అన్సార్లు కోరినప్పుడు ప్రవక్త (స) అంగీకరించలేదు. చివరకు కష్టం చేసినవారికి పంటలో వాటా ఇచ్చే ఒప్పందం కుదిరింది. ఇచ్చేవారి చేయి ఎంత విశాలమో, పుచ్చుకునేవారి ఆత్మగౌరవం అంత ఉన్నతంగా ఉండటం ఇక్కడ మనం గమనించాలి.

స్థలాల కేటాయింపు

మస్జిదె నబవీ నిర్మించిన స్థలం సహ్ల్, సుహైల్ అనే ఇద్దరు అనాథ బాలురది. అక్కడ ఖర్జూరాలు ఆరబెట్టేవారు. వారు ఉచితంగా ఇస్తామన్నా ప్రవక్త (స) ఒప్పుకోక, ధర చెల్లించే తీసుకున్నారు. ఎంత పవిత్ర కార్యమైనా బలహీనుని భూమి ఉచితంగా తీసుకోరాదని ఈ మస్జిద్ పునాదిలోనే స్థిరపడింది.

ఆ తరువాత ముహాజిర్లకు ఇళ్లస్థలాలు కేటాయించారు. ఎవరికీ చెందని బీడు భూమి, అన్సార్లు స్వచ్ఛందంగా వదిలిన మిగులు భూమి ఇందుకు ఉపయోగపడ్డాయని ఇబ్న్ సఅద్, బలాజురీ రచనల వల్ల తెలుస్తోంది. మస్జిద్ వెనుక భాగంలో బనూ జుహ్రా వారికి స్థలం గుర్తించారు. మస్జిద్ సమీపంలో ఇళ్లున్న హారిసా బిన్ నుఅమాన్ (రజి) ప్రవక్త కుటుంబానికి అవసరమైనప్పుడల్లా ఒక ఇల్లు ఖాళీచేసి ఇచ్చేవారు. ఫాతిమా (రజి) వివాహానంతరం తండ్రికి దగ్గరగా ఉండాలని ఆశించినప్పుడు, హారిసాను మళ్లీ అడగడానికి ప్రవక్త (స) మొహమాటపడ్డారు. సంగతి తెలిసి హారిసాయే స్వయంగా వచ్చి ఇల్లు అప్పగించారు. ఇచ్చేవాడు సంతోషంగా ఇస్తున్నాడు గదా అని అడుగుతూ పోరాదనే సంస్కారం ఇందులో ఉంది.

ఇల్లూ బంధువులూ లేనివారికి మస్జిద్‌లోనే చోటు లభించింది. హిజ్రీ 2లో ఖిబ్లా మారిన తరువాత ఉత్తరం వైపున ఉన్న కప్పు కింది భాగం ‘సుఫ్ఫా’గా ప్రసిద్ధమైంది. అక్కడి వారిలో ఒంటినిండా బట్ట లేనివారు డెబ్బై మందిని తాను చూశానని అబూ హురైరా (రజి) చెప్పారు. మదీనా సమాజం పేదరికాన్ని ఒక్కరోజులో తొలగించలేదు. కాని దాన్ని ఊరి బయటికి నెట్టలేదు. ప్రార్థనా స్థలంలోనే, అందరి కళ్ల ఎదుటే ఉంచింది.

తిరిగి ఇచ్చిన తోటలు

హిజ్రీ 4లో బనూ నజీర్ భూములు లభించినప్పుడు ప్రవక్త (స) వాటిని ప్రధానంగా ముహాజిర్లకే పంచారు. అన్సార్లలో నిరుపేదలైన సహ్ల్ బిన్ హునైఫ్, అబూ దుజానా (రజి)లకు మాత్రమే వాటా ఇచ్చారు. దివ్య ఖుర్ఆన్ హష్ర్ సూరా 8, 9 ఆయతులు ఇళ్ల నుండి వెళ్లగొట్టబడిన పేదల హక్కునూ, తమకు అవసరమున్నా ఇతరులకు ప్రాధాన్యమిచ్చిన అన్సార్ల సుగుణాన్నీ పక్కపక్కనే పేర్కొన్నాయి.

హిజ్రీ 7లో ఖైబర్ విజయం తరువాత జరిగిన సంగతిని మన ఉపన్యాసకులు అరుదుగా చెబుతారు. ముహాజిర్లు తాము వాడుకుంటున్న ఖర్జూర చెట్లను అన్సార్లకు తిరిగి అప్పగించారు. అనస్ (రజి) తల్లి ఇచ్చిన చెట్లను ప్రవక్త (స) ఉమ్మె ఐమన్ (రజి)కు ఇచ్చి ఉన్నారు. వాటిని వదలడానికి ఆమె ఒప్పుకోలేదు. ప్రవక్త (స) ఆమెను కోపించక, సుమారు పదిరెట్లు ఇచ్చి సమ్మతింపజేసి, అసలు చెట్లను యజమానురాలికి చేర్చారు. ఆశ్రయం అవసరం తీరేవరకే. అవసరం తీరాక అది బాకీ.

మక్కా ఇళ్లు, అద్దె ప్రశ్న

హిజ్రీ 8లో మక్కా స్వాధీనమైంది. పోగొట్టుకున్న ఇళ్లను తిరిగి తీసుకోవడానికి అడ్డుచెప్పగల శక్తి ఎవరికీ లేదు. సొంత ఇంట దిగుతారా అని ఉసామా (రజి) అడిగితే, అఖీల్ మనకు ఇల్లేమైనా మిగిల్చాడా అన్న అర్థంతో ప్రవక్త (స) జవాబిచ్చి గుడారంలోనే ఉన్నారు. ఇల్లు కోల్పోయిన జహష్ కుమారునికి స్వర్గంలోని ఇంటిని ఆశ చూపారు. నిన్నటి కాందిశీకులు నేటి విజేతలై ఇతరులను వీధిపాలు చేయలేదు.

ఆ మక్కాలోనే తరువాత మరో చర్చ తలెత్తింది. దూరదేశాల నుండి వచ్చే యాత్రికుల వద్ద ఇంటి అద్దె తీసుకోవచ్చునా? హజ్ సూరా 25వ ఆయతు మస్జిదె హరామ్ విషయంలో స్థానికునికీ బయటివానికీ సమాన హక్కు చెప్పింది. ఖలీఫా ఉమర్ (రజి) హజ్ కాలంలో ఇళ్ల వాకిళ్లకు తలుపులు బిగించడాన్ని వారించారు. ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ అద్దె వసూలును నిషేధిస్తూ ఉత్తరువు పంపారు. ఇమామ్ అబూ హనీఫా యాత్రాకాలపు అద్దెను మక్రూహ్‌గా భావించగా, ఇమామ్ షాఫిఈ ధర్మసమ్మతమన్నారు. ఖుర్ఆన్ ముహాజిర్లను వెళ్లగొట్టిన ఇళ్లను ‘వారి ఇళ్లు’గా పేర్కొన్నదని, ఉమర్ (రజి) చెరసాల కోసం మక్కాలో ఇల్లు కొన్నారని ఆయన వాదం. ఆచరణలో షాఫిఈ అభిప్రాయమే నిలిచింది. అయినా మొదటి భావన నశించలేదు. యాత్రికులకు ఉచిత నివాసం కల్పించే రుబాత్‌లు వక్ఫ్‌లుగా వెలిశాయి. హైదరాబాదు సంస్థానపు యాత్రికుల కోసం మక్కాలో ఏర్పడిన రుబాత్‌లు ఈ పరంపరలోనివే.

సాధారణ పట్టణాల్లో అద్దె సక్రమమైన వ్యవహారమే. అద్దె మొత్తం, గడువు ముందే స్పష్టం కావాలని ఫిఖ్‌హ్ నియమం. హనఫీ న్యాయశాస్త్రం ఇంటి మరమ్మతులను యజమాని బాధ్యతగా ఉంచింది. ఆయన చేయించకపోతే ఖాళీచేసే హక్కు అద్దెదారునికుంది. అద్దెదారుడు ఇంటికి హాని కలిగించే కొలిమి వంటివి అనుమతి లేకుండా పెట్టరాదు. అద్దెకుండేవాడు దయాపాత్రుడు కాడు, హక్కులూ బాధ్యతలూ గల ఒప్పందంలో ఒక పక్షం.

మన కర్తవ్యం

నేడు మన యువకులు చదువుకోసం, కూలికోసం గల్ఫ్ దేశాలకు, అమెరికాకు, హైదరాబాదుకు తరలిపోతున్నారు. ముస్లిం పేరు వినగానే ఇల్లు ఖాళీ లేదనే యజమానుల గురించి మనం బాధపడతాం. ఆ బాధ న్యాయమైనదే. అయితే అదే ప్రమాణంతో మన మొహల్లాలను కూడా పరీక్షించుకోవాలి. కొత్తగా వచ్చిన దూదేకుల కుటుంబానికీ, ఒంటరి కూలికీ, వితంతువుకూ, ముస్లిమేతర ఉద్యోగికీ మనలో ఎందరు తలుపు తెరుస్తున్నారు? అవసరం చూసి అద్దె పెంచనివారు ఎందరు? మస్జిద్ కమిటీలు ఊరికి కొత్తగా వచ్చినవారికి మొదటి కొద్దిరోజులు చోటు చూపి, ఇల్లు దొరికేదాకా పూచీ నిలబడగలవు. ఇది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు.

ఆశ్రయం పొందేవారికీ పాఠముంది. అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ వలె బజారు దారి అడగాలి. ఇచ్చిన చోటును సొత్తుగా భావించక, శక్తి రాగానే తిరిగి అప్పగించాలి. చోటిచ్చినవారు కొత్తవానిని ఎల్లకాలం ఆశ్రితునిగా ఉంచుకోక, సాటి పౌరునిగా నిలబడనివ్వాలి. మదీనా సమాజం ఈ రెండు ధర్మాలనూ కలిపి పాటించింది గనుకనే ముహాజిర్, అన్సార్ అనే రెండు పేర్లూ గౌరవ బిరుదులుగా చరిత్రలో నిలిచాయి.