టమాటా: రావికమతం ప్రాంతంలో సాగు, పక్వం, వాడకం

రావికమతం అనకాపల్లి జిల్లాలో మండల కేంద్రం. చోడవరం శాసనసభ నియోజకవర్గంలో ఉంది. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడేదాకా విశాఖపట్నం జిల్లాలో ఉండేది. గోవాడ చక్కెర ఫ్యాక్టరీ ఉన్న ఈ ప్రాంతం పేరెత్తితే ముందు చెరకు, వరి గుర్తొస్తాయి. టమాటాకు ఇక్కడి ఎండతోనే పేచీ.

దక్షిణ అమెరికా ఆండీస్ పర్వతాల్లో పుట్టి, మెక్సికోలో మచ్చికై, ఐరోపా వర్తకుల వెంట మన దేశానికి వచ్చిన మొక్క ఇది. వంకాయ, మిరప, బంగాళదుంప దీని దాయాదులు. పగటి వేడి 35 డిగ్రీలు దాటితే పుప్పొడి చచ్చుబడుతుంది. రాత్రి చల్లబడకపోతే పూత పిందె కట్టక రాలిపోతుంది. అందుకే మైదానంలో వర్షాల జోరు తగ్గాక నారు పోసి, 25–30 రోజుల నారు నాటి, చలికాలంలో కాయలు కోసుకోవడం మేలు. ఎండాకాలంలో కాయ కావాలంటే ఎత్తైన నేల ఉండాలి. సుమారు 700 మీటర్ల ఎత్తున ఉన్న మదనపల్లె రాష్ట్రంలో టమాటాకు పెద్ద మార్కెట్ కావడంలో ఆ చల్లదనం పాలు ఉంది. 2023 జూలై చివర అక్కడే మేలు రకం కిలో ధర 200 రూపాయల దరిదాపులకు చేరింది.

మొక్కకు ఊతకర్ర కట్టి కాయను నేలకు తగలనివ్వకపోతే కుళ్ళు తగ్గుతుంది. ఆకుముడత వైరస్‌ను తెల్లదోమ మోసుకొస్తుంది. ఆ జబ్బు పట్టిన మొక్కకు మందు లేదు, పీకి పారేయడమే. కాయ అడుగున నల్లటి మచ్చ పడితే పురుగు పనని మందు కొడుతుంటారు; అసలు లోపం కాయకు సున్నం (కాల్షియం) అందకపోవడం. ఒకనాడు ఎండగట్టి మరునాడు ముంచెత్తే నీటి పద్ధతే చాలాసార్లు దానికి మూలం.

కోసినా పండే కాయ టమాటా. తనలోంచే ఇథిలీన్ వాయువు వదులుతూ రంగు తిరుగుతుంది. ఎర్రదనం తెచ్చే లైకోపీన్ 20–25 డిగ్రీల మధ్య బాగా తయారవుతుంది. 30 దాటితే మందగిస్తుంది. ఏప్రిల్‌లో పెరటి కాయ నారింజ రంగు దగ్గరే ఆగిపోయిందంటే విత్తనాన్ని తిట్టుకోనక్కర్లేదు. అడుగున రంగు తిరిగిన దోరకాయను కోసి నీడలో, గాలి ఆడేచోట పెడితే వారంలో పండుతుంది. పక్కన ఒక అరటిపండు ఉంచితే ఇంకా త్వరగా. ఎండలో పెట్టడం దండగ. ఫ్రిజ్ కూడా అంతే: 12 డిగ్రీల లోపు చలికి దోరకాయ సరిగా పండదు, పండిన దాని వాసన చప్పబడుతుంది. కార్బైడ్‌తో కాయలు పండించడం దేశంలో నిషిద్ధం. అందులో ఆర్సెనిక్, ఫాస్ఫరస్ జాడలు ఉంటాయి. నియమాల ప్రకారం ఇథిలీన్ వాయువును 100 పీపీఎం దాకా వాడవచ్చు.

పచ్చికాయలో టొమాటిన్ అనే చేదు పదార్థం ఉంటుంది, పండే కొద్దీ తగ్గుతుంది. పచ్చి టమాటా పచ్చడి తినేవాళ్ళకు ఆ మోతాదుతో భయం లేదు. ఆకులు మాత్రం కూరకు పనికిరావు. మందు కొట్టాక డబ్బా మీద రాసిన గడువు దాటేదాకా కోయకూడదు. పండ్లను పారే నీటిలో కడగాలి, సబ్బు వద్దు. ఎండకు వేడెక్కిన పండును చన్నీళ్ళలో ముంచితే తొడిమ గాటు గుండా మురికినీరు లోపలికి లాగుకుపోతుంది. కోసిన ముక్కలు బయట రెండు గంటలు మించి ఉంచరాదు.

టమాటా పులుపు రకాన్ని బట్టి మారుతుంది. పీహెచ్ 4.6 దిగువన ఉంటే ప్రమాదకరమైన బొట్యులినం క్రిమి పెరగదు. బాగా మాగిన పండు ఆ గీత దాటవచ్చు. నిల్వ పచ్చడికి ముక్కలను ఉప్పు, పసుపుతో ఊరబెట్టి, పిండి ఎండబెట్టి, ఆ ఊటలో చింతపండు నానబెట్టి కలిపి రుబ్బుతారు. చింతపండు పులుపు ఆ గీతకు కిందనే ఉంచితే, ఉప్పు, ఎండ తేమను తగ్గిస్తాయి. దీనికి జాడీయే తగినది. కళాయి లేని ఇత్తడి, రాగి గిన్నెల్లో ఆ పులుపు లోహాన్ని కరిగిస్తుంది.