వాన లెక్క, ధర లెక్క

అనంతపురంలో ప్రభుత్వం ఎంత ఉండాలి, బజారు ఎంత ఉండాలి అన్నది పుస్తకాల చర్చ కాదు. వాన తప్పితే నష్టం ఎవరి నెత్తిన పడాలన్న తగవు అది.

విజయనగర కాలంలో బుక్కరాయసముద్రం చెరువు తవ్వించినప్పుడు ఆ భారం కొంతైనా పాలకుడు మోశాడు. 1876లో వానలు ముఖం చాటేసేసరికి ఈస్టిండియా కంపెనీ పోయి రాణి పాలన వచ్చేసింది, స్వేచ్ఛా వ్యాపార సిద్ధాంతమూ రాజ్యమేలుతోంది. అప్పటికి ఈ సీమ బళ్లారి జిల్లాలో భాగం, 1882లో వేరుపడింది. మద్రాసు ప్రభుత్వం 30 వేల టన్నుల ధాన్యం గుట్టుగా కొనిపిస్తే, వైస్రాయ్ లిట్టన్ సర్కారు మండిపడింది. ధర పెరిగితే వ్యాపారే గింజలు తెస్తాడు కదా అని వాళ్ల ధీమా. తెచ్చాడు కూడా! రైలు దిగిన బస్తాల పక్కనే, కొనే డబ్బు లేక జనం రాలిపోయారు. వైస్రాయ్ పంపిన అధికారి రిచర్డ్ టెంపుల్ వచ్చి కరువు పనిలో మగమనిషికి రోజుకు పౌను గింజలు, ఒక అణా చాలన్నాడు. పౌనంటే అరకిలో కూడా కాదు, అదీ రాళ్లు కొట్టే మనిషికి. ఆ చావుల తర్వాతే 1880లో కరువు కమిషన్ నివేదిక, దాని వెంట కరువు నియమావళి వచ్చాయి.

ఆ తర్వాత శెనక్కాయ. 1986లో నూనెగింజల మిషన్ పెట్టి ప్రభుత్వమే ఊతమిచ్చింది. కొర్ర, సజ్జ చేలు వెనక్కి తగ్గాయి. 1994లో పామాయిల్ దిగుమతికి గేట్లు తెరిచారు. 65 శాతంతో మొదలైన సుంకం 1998 నాటికి 15కి దిగింది. ఊడలు దిగే వేళ వాన కోసం ఆకాశం చూసే రైతు, ఇక మలేసియా నూనె ధర కూడా చూడాలి. ఆశపెట్టి దింపిన చేయే నిచ్చెన లాగేసింది, నన్నడిగితే.

2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ మొదలైంది ఈ జిల్లా బండ్లపల్లిలోనే. పాత కరువు పనికి అది వారసురాలే, కాకపోతే దయగా కాదు, హక్కుగా వచ్చింది. పెనుకొండ దగ్గర 2019లో కియా కార్లు బయటికొచ్చాయి. ఆ కంపెనీకిచ్చిన భూమి, నీళ్లు, రాయితీలు సర్కారువే.

ఇప్పుడు చీనీ (బత్తాయి) తోటలు. డ్రిప్పు పైపులకు రాయితీ ప్రభుత్వం ఇస్తుంది, ధర మండీలో దళారి కడతాడు. తూకం దగ్గర టన్నుకు ఇంతని ‘సూటు’ పేరుతో తరుగు కోస్తారు. చెట్టు మీద నెలల తరబడి కాచుకున్న కాయలు, కాటా దాటేలోపే తరిగిపోతాయి.